చిన్నీకి, అక్క రాస్తున్న ఉత్తరం

చిన్నీ,

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ మరిదిగారూ అమ్మా బుజ్జిగాడూ బాగున్నారని తలుస్తాను. "రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరం ఏంటక్కా" అని నవ్వుతావని తెలుసు. ఫోన్లో ఎందుకు చెప్పలేదో చివర్లో రాస్తా.

మొన్న అన్నావు చూడు, "ఒకటో తరగతి పిల్లాడు పది నిమిషాలు ఆలస్యంగా వెళితే డైరీలో ఎర్ర ఇంకుతో రాయాలా" అని. వెనకనుంచి అమ్మ, "పసివాడు, ఒకపూట పోకపోతే కొంపలేం మునుగుతాయి" అంది. నేను ఊ కొట్టి ఊరుకున్నా. రెండేళ్ల కిందట మా పాపతో నేను చేసిందీ అదే కాబట్టి, మీకు చెప్పే మొహం లేకపోయింది.

ఇక్కడ ఇంగ్లండులో బడిలో రోజుకు రెండుసార్లు హాజరు వేస్తారు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. హాజరు వేయడం మొదలయ్యాక, రిజిస్టరు ఇంకా తెరిచి ఉండగా వెళితే ఆలస్యం అని గుర్తు పెడతారు. అరగంటకు మించి తెరిచి ఉంచరు. ఆ తర్వాత తగిన కారణం లేకుండా వెళితే, పిల్ల క్లాసులో కూర్చున్నా ఆ పూట రానట్టే. నాకిదంతా చాదస్తమనిపించేది. ఒక టర్ము చివర పాప రిపోర్టులో హాజరు 90 శాతం అని చూసి మురిసిపోయాను కూడా. మనకు 90 అంటే డిస్టింక్షన్ కదా! టీచరు నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పదింటికి ఒకటి పోయిందంటే రెండు వారాలకోసారి ఒక రోజు నాగా పెట్టినట్టు. ఏడాదికి 190 రోజుల బడిలో ఈ లెక్కన 19 పోతాయి. పదో వంతు పోయిందంటే ఇక్కడ తరచూ మానే పిల్లల జాబితాలో చేరుస్తారు.

ఆలస్యం లెక్క ఇంటికొచ్చి నేనే కట్టాను. రోజుకు పది నిమిషాల చొప్పున 190 రోజులకు 1,900 నిమిషాలు, ముప్ఫై ఒక్క గంటల పైమాట. రోజుకు ఆరున్నర గంటల బడి అనుకుంటే దాదాపు వారం. ఒక్క రోజు కూడా మాన్పించకుండానే వారం బడి ఎగ్గొట్టించాననమాట.

అయినా నన్ను మార్చింది ఆ లెక్క కాదులే. ఒకరోజు పాపను ఆలస్యంగానే దింపి వెనక్కి తిరిగాక, నీళ్ల సీసా నా చేతిలోనే ఉండిపోయిందని చూసుకుని మళ్లీ వెళ్లా. క్లాసు తలుపుకు అద్దం ఉంటుంది. పిల్లలంతా కింద గుండ్రంగా కూర్చుని ఉన్నారు, టీచరు ఏదో చెబుతోంది. మన పాప కోటు కూడా విప్పకుండా తలుపు పక్కనే నిలబడి, ఎక్కడ కూర్చోవాలా అని చూస్తోంది. ఎవరూ దాన్ని ఏమీ అనలేదు. అసలు ఎవరూ దానివైపు చూడనే లేదు. ఆ రోజు ఏమేం చేయబోతున్నారో, ఎవరి పక్కన ఎవరో, ఎవరు ఎవరితో ఆడుకోవాలో అన్నీ ఆ మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతాయట. "నాతో ఎవరూ ఆడరమ్మా" అని అది నెలల తరబడి చెబుతుంటే తక్కిన పిల్లల్ని తిట్టుకున్నాను నేను.

మా ఇంట్లో పొద్దున్న వినిపించే మాట ఒక్కటే ఉండేది: "త్వరగా!" అయిదేళ్ల పిల్లకు పది నిమిషాలంటే ఎంతో ఏం తెలుస్తుంది? నేను అరిచేకొద్దీ అది ఇంకా బిగుసుకుపోయేది. తర్వాత యూనిఫాం, సాక్సులు, బ్యాగు, బూట్లు ముందురోజు సాయంత్రమే గుమ్మం దగ్గర పెట్టడం మొదలుపెట్టాం. పళ్లు, స్నానం, బట్టలు, తిండి, బూట్లు అని వరసగా బొమ్మలు దానిచేతే వేయించి గోడకు అంటించా. ఇప్పుడు అది బొమ్మను చూసుకుని కదులుతుంది, నేను నోరు మూసుకుంటా. రెండోదే కష్టం! స్టిక్కర్ల ఆశ కూడా చూపించా, అది వారం దాటి నిలవలేదు.

నూరు శాతం హాజరుకు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. దానికోసమని పాప ఒకసారి జ్వరం దాచిపెట్టింది. నేనూ ఒళ్లు కాస్త వెచ్చగానే ఉందిలే అని పంపేశాను. మధ్యాహ్నానికి ఫోను వచ్చింది, వచ్చి తీసుకెళ్లమని. ఆరేళ్ల పిల్ల బడికి రోజూ రావడమన్నది దాని చేతిలో ఉందా? ఇస్తే మనకివ్వాలి సర్టిఫికెట్, చీవాట్లు కూడా మనకే. ఇప్పుడు నేను పాటించేది ఇదీ: మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు అయితే పంపిస్తా. జ్వరముంటే తగ్గేదాకా పంపను. వాంతులో విరేచనాలో అయితే, చివరిసారి అయ్యాక 48 గంటలు ఇంట్లోనే.

ఇక బుజ్జిగాడి కడుపునొప్పి. బడికి పోకుండా వంకలు పెడుతున్నాడని మరిదిగారు కోప్పడుతున్నారన్నావు. కోప్పడవద్దని చెప్పు. పాపకూ అలాగే వచ్చేది. క్యాలెండరులో రాస్తూ పోయాను, ఏ రోజు నొప్పి అంటే ఆ రోజు దగ్గర ఒక చుక్క. నెల తిరిగేసరికి చుక్కలన్నీ గురువారాల మీదే పడ్డాయి. గురువారం ఆటల పీరియడు. చొక్కా మార్చుకోవాలి, దీనికి గుండీలు పెట్టుకోవడం రాదు, అందరికన్నా చివర మిగిలిపోతుంది. నొప్పి అబద్ధం కాదు చిన్నీ, భయమేస్తే పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి పుడుతుంది. నేను జాలిపడి ఇంట్లో ఉంచుకున్న గురువారాలన్నీ ఆ భయాన్ని ఇంకాస్త పెంచాయి. చివరికి టీచరుతో ఒక మాట చెప్పి, వాళ్ల నాన్న పాత చొక్కా ఒకటిచ్చి ఇంట్లో గుండీల ఆట ఆడించాం. రెండు వారాలు పట్టింది. బుజ్జిగాడి గుండీ ఏమిటో నువ్వు కనిపెట్టు. "ఎందుకు వెళ్లవు" అని నిలదీస్తే చెప్పడు. రాత్రి పక్కలో పడుకున్నాక, "రేపు బడిలో ఏది లేకపోతే బాగుంటుంది రా" అని అడిగి చూడు. మరీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, అదీ అవసరమే.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు, కోపం తెచ్చుకోకుండా. మనిద్దర్నీ ప్రార్థన గంటకు ముందే బడిలో నిలబెట్టింది ఆవిడే కదా. మనవడి దగ్గరికొచ్చేసరికి ఆ గంట వినిపించడం లేదు!

ఇప్పుడు అసలు సంగతి. ఆరేళ్లు నిండిన పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. మీవాడు ఆరున్నరకు లేవాలంటే ఎనిమిదిన్నరకల్లా పక్క మీద ఉండాలి. మరి పదిన్నర దాకా ఎందుకు మేలుకుంటున్నాడు? పాపను బడినుంచి తెచ్చుకుని నాలుగింటికి నేను వీడియో కాల్ చేస్తాను. ఈ చలికాలంలో అయిదున్నర గంటల తేడా, మీకప్పుడు తొమ్మిదిన్నర. "పెద్దమ్మ ఫోను" అని వాడు ఎగిరి కూర్చుంటాడు. అక్కాతమ్ముళ్లు ఆటల్లో పడితే గంట గడిచిపోతుంది. వాడి డైరీలో పడే ఎర్ర ఇంకులో సగం నాది. నిన్న రాత్రి లెక్క చూసుకునేదాకా ఈ సంగతి నాకూ తట్టలేదు.

అందుకే ఫోను చేయకుండా కూర్చుని రాశాను. ఇకనుంచి ఆదివారం ఇక్కడ పొద్దున తొమ్మిదింటికి చేస్తా, మీకు మధ్యాహ్నం రెండున్నర అవుతుంది. మిగతా రోజుల్లో నీతో మాట్లాడాలంటే వాడు పడుకున్నాక నువ్వే మెసేజి పెట్టు. పాప వేసిన బొమ్మల కాగితం ఒకటి ఇందులో మడిచి పెట్టా. బూట్లు రెండూ ఎడమకాలివే వేసింది, సర్దుకోమను.

మీ
అక్క