సంఘం అంటే భిక్షువులే కాదు

బౌద్ధంలో సంఘం అంటే కాషాయం కట్టిన భిక్షువులే అనుకునేలా ఉంటున్నాయి మన బౌద్ధ స్థలాల్లో బోర్డులు. మొన్న పిల్లల్ని తీసుకెళ్లిన చోట స్తూపం కొలతలు, తవ్వకాల సంవత్సరాలు తప్ప డబ్బులిచ్చి కట్టించిందెవరో ఒక్క ముక్క లేదు, మా చిన్నదేమో రాజుగారు కట్టించారా అని అడిగింది. అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన రాతి శాసనాలు చూడండి, విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు అందరితో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన రాతి పలక ఇచ్చాడు, ఆ సంగతి దానిమీద రాయించాడు కూడా. భిక్షువు వండుకోకూడదు, రేపటికి దాచుకోకూడదు, ఊళ్లోవాళ్లు పెట్టిందే తిని వాళ్లకి ధర్మం చెప్పాలి, అందుకే భిక్షువు, భిక్షుణి, ఇంటిపట్టున ఉంటూనే ధర్మం పాటించే ఉపాసకుడు, ఉపాసిక నలుగురూ ఉంటేనే అది బుద్ధుడి పరిషత్తు. శాసనాల పక్కనే ఆ దాతల పేర్లు, వాళ్ల పనులు తెలుగులో పెద్దక్షరాలతో పెట్టించాలి, స్కూల్ టూర్లకొచ్చే పిల్లలచేత అవి చదివించాలి.