శీనుగాడికి, నీ మొదటి ఓటు గురించి

ఒరేయ్ శీనూ,

ఆదివారం ఫోన్లో మాట సగంలోనే తెగిపోయింది. నువ్వేమో చిన్నాణ్ణి ప్రాక్టీసుకి దింపాలని పరుగెత్తావు, నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది. ఇది వాట్సాప్‌లో తేలే సంగతి కాదు కాబట్టి తీరుబడిగా ఉత్తరమే రాస్తున్నాను. కాఫీ కలుపుకుని కూర్చో, పెద్దదే.

అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం రోజు ఫోటో చూశాను. నువ్వూ, పక్కన పద్మ చెల్లెమ్మా, చేతుల్లో చిన్న జెండాలూ. ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఓటు కదా, అందుకే నువ్వన్న మాట నన్ను కుదిపేసింది. "నవంబరులో బ్యాలెట్లో అన్నిటికన్నా పెద్ద పదవికున్న పై గడి ఖాళీగా వదిలేస్తాను, లేదంటే ఆ మూడో పార్టీవాడికి గుద్దేస్తాను. ఏ రాయైతేనేంరా పళ్లూడగొట్టుకోడానికి" అన్నావు.

నీ కోపంలో న్యాయం లేదని నేననను. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న లెక్క మన బతుకుల్ని ఎంత నమిలేసిందో నాకూ తెలుసు. 2019 జులైలో ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులకి ఆ పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ ఇంకో రూపంలో నెగ్గించింది. రెండు రూపాలూ ఒక్కటి కాకుండానే ఆ సభ గడువు ముగిసింది, బిల్లు చచ్చింది. అందులో రెండు పార్టీలకూ పాపం ఉంది. ఇంతవరకూ నీతో నాకు పేచీ లేదు.

"ఇద్దరూ ఒకటే" అన్నదగ్గరే నాకు పేచీ. మీ ఇంట్లో సంగతే గుర్తు చేసుకో. పద్మ చెల్లెమ్మ ఎంసీఏ చేసి, ఇక్కడికొచ్చి హెచ్4 మీద, అంటే హెచ్1బి ఉద్యోగి భార్యకిచ్చే వీసా మీద, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుంది. 2015 మేలో హెచ్4 వాళ్లకి పని చేసుకునే అనుమతి వచ్చింది. అది కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, చేసిన చట్టం కాదు, ఒక ప్రభుత్వం రాసిన నిబంధన. 2017లో వచ్చిన ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తామని అజెండాలో పెట్టింది. ఆ నాలుగేళ్లూ ప్రతి ఆర్నెల్లకీ "ఈసారి తీసేస్తారట" అన్న వార్త వచ్చేది, చెల్లెమ్మ అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చునేది. 2021 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. మీ ఇంటికి రెండో జీతం రావడం, ఆగుతుందేమోనని భయపడటం, ఆ భయం పోవడం, మూడూ ఎవరు గెలిచారన్నదాన్ని బట్టే జరిగాయి. వాళ్లలో ఎవరూ మనం మెచ్చుకునేంత గొప్పవాళ్లు కాదు, ఒప్పుకుంటాను. అయినా తేడా మీ వంటింటి దాకా వచ్చింది కదరా.

ఇప్పుడు నీకో పాత ఉత్తరం గురించి చెప్పాలి. దాన్ని చదివినప్పటినుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది. 1845 అక్టోబరు 3న ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ఒక లాయరు, విలియంసన్ డర్లీ అనే ఆయనకి ఉత్తరం రాశాడు. ఆ లాయరు అబ్రహాం లింకన్. అప్పటికింకా కాంగ్రెస్‌కి కూడా వెళ్లలేదు. మనం ఆదివారం వాదించుకున్నదే అందులో విషయం.

ముందటేడు, అంటే 1844లో అధ్యక్ష ఎన్నిక. డెమొక్రాట్ల తరఫున జేమ్స్ పోక్. టెక్సాస్‌ని కలిపేసుకుంటామని బాహాటంగా చెప్పాడు. టెక్సాస్ కలిస్తే బానిసత్వం ఉన్న నేల అంతకంతకీ పెరుగుతుంది. ఎదురుగా విగ్ పార్టీ నుంచి హెన్రీ క్లే. ఈయన తొందరపడి టెక్సాస్‌ని కలుపుకోవద్దన్నాడు, కానీ తనింట్లోనే బానిసలున్న మనిషి. దానికితోడు ఆ వేసవిలో దక్షిణాది ఓట్ల కోసం అలబామా పత్రికలకి ఉత్తరాలు రాసి, టెక్సాస్ విషయంలో తనకి సొంతంగా అభ్యంతరం లేదన్నట్టు మెత్తబడ్డాడు. ఉత్తరాదిలో బానిసత్వాన్ని అసహ్యించుకునేవాళ్లకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? మూడోవాడిగా, బానిసత్వం పోవాలనే లిబర్టీ పార్టీ నుంచి జేమ్స్ బర్నీ ఉన్నాడు. ఒకప్పుడు తనూ బానిసల యజమానే, వాళ్లని విడిచిపెట్టి ఉద్యమంలోకి వచ్చినవాడు. మచ్చలేని ఓటు వేయాలనుకున్నవాడికి అంతకన్నా మంచి పేరు దొరకదు.

న్యూయార్క్ రాష్ట్రంలో బర్నీకి 15,812 ఓట్లు పడ్డాయి. అక్కడ పోక్ గెలిచింది 5,106 ఓట్ల తేడాతో. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు, న్యూయార్క్‌కి అవి 36. దేశం మొత్తం మీద పోక్‌కి 170, క్లేకి 105. ఆ 36 అటు మారి ఉంటే క్లే 141, పోక్ 134. తర్వాతేం జరిగిందంటావా? 1845లో టెక్సాస్ కలిసింది, బానిసత్వంతో సహా. 1846లో మెక్సికోతో యుద్ధం మొదలైంది.

లింకన్ ఆ లిబర్టీవాళ్లని తిట్టలేదు. చెడ్డపని చేసి మంచి ఫలితం ఆశించకూడదు, బానిసల యజమానికి ఓటేయడం చెడ్డపని అని వాళ్లలో ఒకాయన తనతో అన్నాడట. లింకన్ అడిగిందల్లా ఇదీ: చెట్టుని పండు చూసే కదా పోల్చుకుంటాం, క్లేని గెలిపించడంవల్ల బానిసత్వం వ్యాపించకుండా ఆగేదే అయితే, ఆ గెలిపించడం చెడ్డపని ఎలా అవుతుంది?

శీనూ, నన్ను పట్టేసింది ఆ ప్రశ్నే. నువ్వు "మనసొప్పదురా" అన్నావు. ఓటేస్తే ఆ మనిషి నడతకి సంతకం పెట్టినట్టని నీ బాధ. క్లే నడతకి ఎవరు మాత్రం సంతకం పెడతారు? కానీ ఆ రోజు బ్యాలెట్ అడిగింది క్లే మంచివాడా అని కాదు, టెక్సాస్ పొలాల్లో రేపు ఎవరి వీపు మీద కొరడా పడుతుందని. అక్కడ పనిచేయబోయే మనిషికి న్యూయార్క్‌లో ఒక నిజాయితీపరుడి మనసు శుభ్రంగా ఉండటంవల్ల ఒరిగేదేముంది?

నువ్విప్పుడు ఏమంటావో నాకు తెలుసు. "ఆ లిబర్టీ పార్టీ లేకపోతే లింకన్ పార్టీయే పుట్టేది కాదు" అంటావు. నిజమే, నేనూ దాని మీద చాలా ఆలోచించాను. కానీ ఎలా పుట్టిందో చూడు. 1848లో ఆ లిబర్టీవాళ్లు అలిగి వచ్చిన డెమొక్రాట్లతో, విగ్ పార్టీవాళ్లతో కలిసి, కొత్త నేలల్లో బానిసత్వం వద్దనే ఫ్రీ సాయిల్ పార్టీ పెట్టారు. అభ్యర్థిగా మార్టిన్ వాన్ బ్యూరెన్‌ని నిలబెట్టారు, ఆయనేమీ మచ్చలేనివాడు కాదు. 1849లో ఒహాయో శాసనసభలో ఏ పక్షానికీ మెజారిటీ లేని అదను చూసి గుప్పెడు మంది ఫ్రీ సాయిల్ సభ్యులు బేరమాడి తమవాడైన శామన్ ఛేజ్‌ని సెనేట్‌కి పంపించారు. 1854లో విగ్ పార్టీ కుప్పకూలుతుంటే మీ విస్కాన్సిన్‌లోనే, రిపన్ ఊళ్లో ఒక చిన్న బడిలో అన్ని పార్టీలవాళ్లూ కూర్చుని రిపబ్లికన్ పార్టీకి పునాది వేశారు. ఆ తెల్లరంగు బడి ఇప్పటికీ ఉంది. మిల్వాకీ నుంచి ఎంతో దూరం కాదు, పిల్లల్ని తీసుకెళ్లి చూపించు. వాళ్లంతా పొత్తులు పెట్టుకున్నారు, బేరాలాడారు, తమకంటే తక్కువవాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. అలాంటి మూడో పార్టీ నువ్వు కడతానంటే నీ వెనకాలే వస్తాను. నవంబరులో ఒక్కరోజు గడి నింపి ఇంటికొస్తే మాత్రం పార్టీ పుట్టదురా.

మనం ఈ దేశం వచ్చిన మొదటి సెమిస్టర్ గుర్తుందా? 2000 నవంబరు. అపార్ట్‌మెంట్లో ఆ నేలమీద పరుపుల మీద కూర్చుని, ఫ్లోరిడాలో ఒక పెద్దమనిషి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పంచ్ కార్డుని దీపానికి ఎదురుగా పెట్టి చిల్లు పడిందా లేదా అని చూస్తుంటే టీవీకి అతుక్కుపోయాం. మనకి ఓటు లేదు, అయినా రోజూ అదే చర్చ. చివరికి అక్కడ గోర్ మీద బుష్ గెలిచింది 537 ఓట్లతో. మూడో పార్టీ, గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కి 97,488 ఓట్లు పడ్డాయి. బ్యాలెట్ మీదున్న చిన్నాచితకా పార్టీలన్నిటికీ ఒక్కోదానికీ 537 కన్నా ఎక్కువే వచ్చాయి. గోర్ ఓటమికి నేడర్ ఒక్కడే కారణమనను. పామ్ బీచ్ కౌంటీలో అడ్డదిడ్డంగా అచ్చేసిన బ్యాలెట్ ఉంది, సుప్రీంకోర్టు తీర్పు ఉంది. కానీ నేడర్‌వాళ్లు కూడా అప్పట్లో "గోర్, బుష్ ఇద్దరూ ఒకటే" అనే తిరిగారు. రెండేళ్లు తిరక్కుండానే, 2002 సెప్టెంబరులో, ఇరాక్ మీదికి వెళ్లడం తప్పని గోర్ బహిరంగంగా మాట్లాడాడు. 2003లో బుష్ వెళ్లాడు. పోనీ మూడో పార్టీయైనా బలపడిందా? జాతీయంగా 5 శాతం తెచ్చుకుంటే వచ్చే ఎన్నికకి ప్రభుత్వ నిధులొస్తాయని ఆశపడ్డారు. మూడు శాతం కూడా దాటలేదు.

మన దగ్గరైతే నోటా నొక్కేవాణ్ణి అన్నావు. నోటాకి అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా, తర్వాతి స్థానంలో ఉన్న మనిషే గెలిచినట్టు. నెవాడాలో కూడా 1970ల నుంచీ "వీళ్లెవరూ కాదు" అన్న గడి ఉంది, అక్కడా అంతే సంగతి. 2009లో మా బాబాయి లోక్‌సత్తాకి వేశాడు. కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గెలిచారు, మిగతా అన్నిచోట్లా ఆ ఓట్లు గాల్లో కలిశాయి. ఆ ఏడు ప్రజారాజ్యానికి వచ్చింది 18 సీట్లు. కాంగ్రెస్ పార్టీ దాదాపు 37 శాతం ఓట్లతోనే 294లో 156 సీట్లు పట్టుకుపోయింది. ఒక్క సీటు, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపు అన్న పద్ధతి ఉన్నంతకాలం ఎక్కడైనా ఇంతే. పైగా మనవైపు పొత్తులకి దారైనా ఉంటుంది, ఇక్కడ చాలా రాష్ట్రాల్లో అదీ లేదు.

మరి కోపం ఎక్కడ చూపించాలంటావా? ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో జనమే తేల్చే ముందస్తు ఎన్నికలో. ఆగస్టులో మీకు ప్రైమరీ జరిగింది, వెళ్లావా? విస్కాన్సిన్‌లో పార్టీ మెంబరువై ఉండనక్కర్లేదు. ఏదో ఒక పార్టీ వరస ఎంచుకుని అందులోనే గడులు నింపాలి, రెండు వరసల్లో నింపితే చెల్లదు. ఆ రోజు వచ్చే జనం నవంబరులో వచ్చేవాళ్లకన్నా బాగా తక్కువ, కాబట్టి నీ ఒక్క ఓటుకి బరువెక్కువ.

మా న్యూజెర్సీలో నా కళ్లముందు జరిగింది చెప్తాను. ఇక్కడ ప్రైమరీ బ్యాలెట్లో "కౌంటీ లైన్" అని ఉండేది. కౌంటీలో పార్టీ పెద్దలు ఎవరిని దీవిస్తే వాళ్లందరి పేర్లూ ఒకే వరసలో, కంటికి ఎదురుగా. మిగిలినవాళ్లు ఎక్కడో మూల, ఖాళీ గళ్లు దాటుకుని వెతుక్కోవాలి. 2023 సెప్టెంబరులో మా సెనేటర్ మెనెండెజ్ మీద అవినీతి అభియోగాలు వచ్చాయి, ఇంట్లో బంగారు కడ్డీలు దొరికాయి. మర్నాడే, ఆయన పార్టీవాడే అయిన ఆండీ కిమ్ ఆ సీటుకి పోటీకి దిగాడు. పెద్ద కౌంటీల నాయకులు చాలామంది అప్పటి గవర్నర్ భార్య వెనక నిలబడ్డారు. కిమ్ మూడో పార్టీ పెట్టలేదు. ఆ లైనే అన్యాయమని ఫెడరల్ కోర్టుకెక్కాడు. 2024 మార్చిలో జడ్జి ఆ ప్రైమరీకి డెమొక్రాట్ల లైన్ ఆపేశాడు. జూన్‌లో నా చేతికొచ్చిన బ్యాలెట్లో ఒక్కో పదవికి ఒక్కో పెట్టె, అందరి పేర్లూ ఒకే కొలతలో. ఎంత మామూలు కాగితమో, నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఏళ్లనాటి పెత్తనం ఒక్క వసంతంలో కూలింది.

ఇంకో దారీ ఉంది. మెయిన్ రాష్ట్రంలో 2010లో పాల్ లెపేజ్ 38 శాతం కూడా లేకుండా గవర్నరయ్యాడు, వ్యతిరేక ఓటు చీలిపోయి. జనం ఊరుకోలేదు. 2016లో రిఫరెండం పెట్టి, అభ్యర్థులకి ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులిచ్చే పద్ధతి తెచ్చుకున్నారు. 2018లో అక్కడ జారెడ్ గోల్డెన్ మొదటి లెక్కలో వెనకబడి, ఇండిపెండెంట్లకి వేసినవాళ్ల తర్వాతి ఎంపికలు కలిశాక కాంగ్రెస్‌కి గెలిచాడు. అలాంటి చోట నువ్వు మూడోవాడికి మొదటి ర్యాంకు ఇస్తే నేను చప్పట్లు కొడతాను. మీకింకా ఆ పద్ధతి లేదు.

మీ రాష్ట్రం మాత్రం కత్తి అంచు మీద ఉందిరా. 2016 అధ్యక్ష ఎన్నికలో అక్కడ మొదటి ఇద్దరి మధ్య తేడా 22,748, గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి పడ్డవి 31,072. 2020లో తేడా దాదాపు 20,700. 2022లో సెనేట్ సీటు ఒక్క శాతంతో తేలింది. "మీది ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన సేఫ్ రాష్ట్రం, నీకేం తెలుసు" అన్నావు కదా, మా దగ్గర కూడా 2020లో 16 శాతం ఉన్న తేడా 2024కి ఆరు లోపుకి వచ్చింది. సేఫ్ అనుకున్న రాష్ట్రం ఎన్నాళ్లు సేఫో ఎవడికి తెలుసు?

ఎవరికి వేయాలో నేను చెప్పను. ఫోన్లో నువ్వే అన్నావు, "వాడు వస్తే మాత్రం భయమేరా" అని. ఆ మాట అన్న మనిషికి ఇద్దరూ ఒకటి కాదు. ఆ భయం ఎవరి గురించో నీకు తెలుసు, దానికి ఎదురు నిలబడగలిగింది ఎవరో కూడా తెలుసు. వాళ్లకి వేసి, మర్నాడు పొద్దున్నే వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి గ్రీన్‌కార్డుల సంగతి గట్టిగా అడుగు. నేనూ ఇక్కణ్ణుంచి చేస్తాను.

మీ శాంపిల్ బ్యాలెట్ రాగానే ఫోటో తీసి పంపు. పై గడి ఒక్కటే కాదు, కింద అసెంబ్లీ సీటు నుంచి కౌంటీ పదవుల దాకా ఉంటాయి, వాటి గురించి మనవాళ్లెవరూ పట్టించుకోరు. వచ్చే ఆదివారం చిన్నాడి ప్రాక్టీసు అయ్యాక వీడియో కాల్లో ఇద్దరం కూర్చుని ఒక్కో పేరూ చూద్దాం. చెల్లెమ్మని కూడా కూర్చోమను, ఆవిడదీ మొదటి ఓటే కదా. అమ్మకి మోకాలు కాస్త నయమని విన్నాను, నేను అడిగానని చెప్పు.

నీ
మురళి