బరువు మెషిన్ ఫోటోలు చాలు, టేపు తీయండి

అన్నలూ, అక్కలూ, పొద్దునైతే చాలు గ్రూపులో బరువు మెషిన్ ఫోటోలే. ఒక్క రోజులో కిలో పెరిగితే అది కొవ్వు కాదు. రాత్రి ఉప్పు ఎక్కువైనా, ఆడవాళ్లకు నెలసరి ముందరైనా ఒంట్లో నీరు నిలుస్తుంది. అట్లే మన కర్నూలు ఎండలో నడిచొచ్చాక తగ్గేది చెమటే, నీళ్లు తాగితే తిరిగొస్తుంది.

నడుము కొలవండి. దర్జీ టేపు చాలు. పాతదైతే సాగి ఉంటుంది, స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. కొలిచేది ప్యాంటు కట్టే చోట కాదు. ఆఖరి పక్కటెముక కింది అంచు, తుంటి ఎముక పై అంచు వేలితో తడిమి, రెండిటి మధ్యలో పెన్నుతో గీత పెట్టండి. పరగడుపున, బట్ట మీద కాకుండా ఒంటి మీదే కొలవాలి. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాగితే మోసపోయేది మీరే. వెనక టేపు కిందికి జారుతుంది, అద్దంలో చూసుకోండి. రెండుసార్లు కొలిచి, సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. రెండు వారాలకోసారి చాలు.

కాళ్ల సత్తువ చూసుకోవడానికి: కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచారో లెక్కపెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వద్దు.

నిద్ర లేవగానే, కాఫీకి ముందే, నాడి నిండా 60 సెకన్లు చూసి రాసుకోండి. వారాలు గడిచేకొద్దీ తగ్గితే మంచిదే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగాన్ని తగ్గించేవి) వేసుకునేవాళ్లకు ఎట్లాగూ తక్కువే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఆదివారం నుంచి నడుము కొలతే పెట్టండి.