కరిగించేముందు ఒకసారి చూసుకో అమ్మీ

అమ్మీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. మీ అవ్వ పసుపు గుడ్డలో కట్టి దాచిపెట్టిన వెండి రూపాయలన్నీ గాంధీరోడ్డులో ఇచ్చేసి పాప అన్నప్రాశనకి వెండిగిన్నె చేయిద్దాం అంటా ఉండావు. చేయిద్దాం, నేనేం అడ్డం చెప్పను, కానీ షాపోడికి అన్నీ ఒకటే, కాటాలో వేసి గ్రాములు లెక్కగట్టి పొయ్యిలో పడేస్తాడు, అందులో ఏ అచ్చుతో కొట్టింది ఏది అని వాడికి అక్కర్లేదు. మనం మాత్రం ముందు వేరుచేసుకోవాల.

మొదట తూకం చూడు. పాత రూపాయంటే ఒక తులం, 11.66 గ్రాములు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. చేతులు మారి అరిగిందంటే కొంచెం తగ్గుతుంది, అది మామూలే. బొమ్మ కొత్తదాని మాదిరి తళతళలాడతా బరువు మాత్రం బాగా తక్కువుంటే నమ్మబాకు. పోతపోసిన దొంగ నాణేల మీద సూదితో గుచ్చినట్టు గుంతలు, అంచున అతుకుగీత ఉంటాయి. 1940 నుంచి వెండి సగానికి తగ్గించేశారు కాబట్టి అవి వేరేగా పెట్టు.

ఇంక అసలు సంగతి. 1840 అని రాసుండే రూపాయి ఆ ఏడే కొట్టింది అనుకుంటాం కదా, కాదు. ఈస్టిండియా కంపెనీ పేరుతోనే, ఆ తేదీ మార్చకుండా 1862 దాకా కొడతానే ఉన్నారు. అందుకని తేదీని నమ్ముకోకుండా అచ్చును చూడాల. విక్టోరియా క్వీన్ అనే అక్షరాలు తల మీదుగా ఆగకుండా తిరిగితే అది ముందుది, తల అడ్డం వచ్చి విక్టోరియా ఒకపక్క, క్వీన్ ఇంకోపక్క పడితే తర్వాతది. వెనక ఆకుల దండలో కాయలు కూడా లెక్కపెట్టు, ముందువాటిలో 19 దాకా ఉంటాయి, తర్వాతవాటిలో 28 ఉండేవి, 35 దాకా ఉండేవి కూడా ఉండాయి. మెడ తెగినచోట డబ్ల్యూ డబ్ల్యూ అని సన్నగా ఉంటే అది ఆ బొమ్మ చెక్కిన విలియం వయోన్ పేరు.

1862 రూపాయి ఇంకా తమాషా. 1874 దాకా అదే తేదీ, కాకపోతే బొంబాయి టంకసాలలో ఏ ఏడు కొట్టారో గుర్తుకోసం తేదీ దగ్గర చుక్కలు పెట్టారు. పైన ఉండాయా, కింద ఉండాయా, ఎన్ని ఉండాయి, అన్నీ చూడాల. నాకైతే వీటిమీదే ఎక్కువ ఇష్టం, చూసేదానికి అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి, చుక్కలు లెక్కపెట్టేకొద్దీ వేరే వేరే రూపాయలైపోతాయి.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. గీత కనిపిస్తే వేలితో కాదు లెన్స్‌తో చూడు, పక్కనుంచి లైటు కొట్టు. కజ్జికాయల చెక్క చీలిందంటే ప్రతి కజ్జికాయ మీదా ఆ చీలిక ఉబ్బి కనిపిస్తుంది కదా, అచ్చు పగిలినా అంతే, గీత పైకి లేచుంటుంది. లోపలికి దిగుంటే అది ఎవరో గీరింది, అచ్చుకి దానికి సంబంధం లేదు. అచ్చు పగులు ఉండేదాన్ని కొత్త రకం అని ఎవరన్నా చెప్పి ఎక్కువ రేటు అడిగినా ఒప్పుకోబాకు, అది ఆ అచ్చు ముసలిదయిందని గుర్తు, అంతే.

జార్జి రాజుది 1911 రూపాయి ఉంటే నాకు ఫోటో పెట్టు. ఆయన అంగీ మీద ఉండే ఏనుగు పంది మాదిరి కనిపించిందని గొడవయి, చానావరకు వెనక్కి తీసుకుని కరిగించేశారు, 1912లో ఏనుగును బాగుచేసి కొత్తగా కొట్టారు. జార్జివే 1917, 1918 అని ఉండేవి చానా దొరుకుతాయి, బాగా అరిగిపోయినవి గిన్నెకి ఇచ్చేయి, నాకేం బాధలేదు.

చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ ఏదీ పెట్టి తోమబాకు. మీ అమ్మ అప్పుడే పీతాంబరి డబ్బా బయటికి తీసింది, నేను బీరువాలో పెట్టి తాళం వేసినా. తోమితే చుక్కలు, కాయలు అరిగిపోతాయి, కొనేవాడు మెరుపు చూసే సగం రేటు తగ్గిస్తాడు. పసుపు అంటుకునుండేవి అట్లాగే ఉండనీ.

పండక్కి వచ్చేటప్పుడు పదింతలు చూపే లెన్స్ ఒకటి, గ్రాముల కాటా ఒకటి తీసుకురా. నా కళ్ళకి ఆ చుక్కలు ఆనడం లేదు, నువ్వు లెక్కపెడితే నేను కవర్ల మీద రాసిపెడతా, అల్లుడిని కూడా కూర్చోబెడదాం.

నాయన