రేకులు విప్పిన ఇళ్లను మేము శుభ్రం చేసే పద్ధతి మారింది

విజయవాడలో పాత ఇళ్ల మరమ్మతులు పూర్తయ్యాక దుమ్మంతా తీసి, ఇంటిని మళ్లీ కాపురానికి సిద్ధం చేసి అప్పగించడం మా పని. గత నెలలో పటమట వైపు ఒక డాబా మీది పాత సిమెంటు రేకుల షెడ్డును విప్పిన తరువాత అక్కడ శుభ్రం చేస్తుండగా మా వల్ల జరిగిన పొరపాటును మా వినియోగదారులందరికీ తెలియజేయడం నా బాధ్యత.

పని ముగిసే వేళకు చీకటి పడింది. మెట్ల గదిలో బల్బు లేకపోవడంతో మా కుర్రాడు సెల్‌ఫోన్ టార్చి వేశాడు. ఆ వెలుగు వ్యాక్యూమ్ యంత్రం వెనుక గాలి వచ్చే జాలీ మీద పడగానే, లోపలికి పోయిందనుకున్న దుమ్ము సన్నని పొగలా బయటికి వస్తూ కనిపించింది. వెంటనే యంత్రాన్ని ఆపించి, ఇంటివారికి ఆ రాత్రే విషయం చెప్పాను. దాని పెట్టె మీద ‘హెపా టైప్’ (అతి సన్నని దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ లాంటిది) అని ఉంటే, ఆ మాటను నమ్మి రెండేళ్లుగా వాడుతున్నాము.

నిజమైన హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలలో కనీసం 99.97 శాతాన్ని పట్టుకోవాలి. అంతకంటే పెద్ద కణాలు ఫిల్టర్ పోగులకు తగిలి నిలిచిపోతాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తిరుగుతూ పోగులకు అంటుకుంటాయి. ఈ రెండింటికీ మధ్య పరిమాణం గలవే ఎక్కువగా తప్పించుకుంటాయి కనుక పరీక్ష వాటితోనే చేస్తారు. అయితే ఫిల్టర్ ఎంత మంచిదైనా దాని చుట్టూ రబ్బరు సీలు బిగువుగా లేకపోతే గాలి పక్కదారి పడుతుంది. మా యంత్రంలో ఆ రబ్బరు పగిలి ఉంది. పైగా ఫిల్టర్ నిండినప్పుడల్లా దాన్ని గోడకు తట్టి దులపమని పనివారికి నేర్పింది నేనే. అలా తడితే దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది, ఫిల్టర్ కూడా చిరుగుతుంది.

పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ అనే పోగుల ఖనిజం ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం ముప్పు తక్కువే కానీ, కోసినా పగలగొట్టినా కంటికి కనిపించని పోగులు లేచి ఊపిరితిత్తులలో చేరుతాయి. వాటివల్ల వచ్చే క్యాన్సర్ పదుల ఏళ్ల తరువాత గాని బయటపడదు. పాత తలుపులు, కిటికీ ఊచల రంగు గీకినప్పుడు వచ్చే పొడితోనూ జాగ్రత్త అవసరం. రంగులలో సీసం అనే విష లోహం 90 పీపీఎం (పది లక్షల భాగాలలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది.

ఇప్పుడు ఆస్బెస్టాస్ పనికి తగిన, ప్రమాదకరమైన దుమ్ము కోసమే చేసిన ‘హెచ్ క్లాస్’ వ్యాక్యూమ్ యంత్రాన్ని కొన్నాము. రేకులను ముందు నీటితో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలని మేస్త్రీలకు ముందే చెబుతున్నాము. ఆ తరువాత యంత్రంతో నెమ్మదిగా పీల్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక మరోసారి పీలుస్తాము. పొడి చీపురు గాని, బ్లోయర్ గాని ఇక వాడము. నిండిన సంచిని యంత్రంలో ఉండగానే మూతి మూసి, మందపాటి ప్లాస్టిక్ సంచులు రెండింటిలో కట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అనుమతి ఉన్న సంస్థకు పంపుతాము. పనివారికి అతి సన్నని దుమ్మును ఆపే పీ3 ఫిల్టర్లున్న మాస్కులు ఇచ్చాము.

ఒక రోజులో అయ్యే పనికి ఇకపై రెండు రోజులు పడుతుంది, సంచుల ఖర్చు బిల్లులో విడిగా కనిపిస్తుంది. యంత్రం ఒక్కటే కనుక కొంతకాలం వేచి ఉండవలసి రావచ్చు. పగిలిన ట్యూబ్‌లైటు, థర్మామీటరు పాదరసాన్ని మాత్రం ఈ యంత్రంతోనూ తీయము. పాదరసం నుంచి వచ్చే ఆవిరిని హెపా ఫిల్టర్ పట్టుకోదు.

పటమట ఇంటిని కొత్త యంత్రంతో మళ్లీ శుభ్రం చేశాము. అప్పటికే పీల్చిన దుమ్మును వెనక్కి తీసుకోలేమన్న బాధ నాకు ఉంది. గడిచిన రెండేళ్లలో రేకులు విప్పిన తరువాత మేము శుభ్రం చేసిన ప్రతి ఇంటినీ రుసుము లేకుండా మళ్లీ శుభ్రం చేస్తాము. చిన్నపిల్లలున్న ఇళ్లకు ముందు వస్తాము. పాత బిల్లు దొరకకపోయినా ఇల్లు ఎక్కడో, పని ఏ నెలలో జరిగిందో చెబితే చాలు.