రాత బాలేనంత మాత్రాన తెలివి లేనట్టా?

సంపాదకులు గారికి నమస్కారం,

మాది తిరుపతి, కొర్లగుంట. మా అబ్బోడికి తొమ్మిదేళ్లు. షర్ట్ గుండీలు పెట్టుకునేదానికి ఇప్పటికీ పది నిమిషాలు పడతాది, బోర్డు మీద లెక్క ఎక్కించుకునే లోపలే టీచర్ తుడిచేస్తారు, అదే లెక్క నోటితో అడగండి, టకటకా చెప్పేస్తాడు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం బద్ధకం, శ్రద్ధ లేదు అని రాసి పంపినారు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు సార్.

డాక్టర్ దగ్గరికి పోతే డీసీడీ అన్నారు, అంటే చేతులూ కాళ్లూ అనుకున్నట్టు కుదురుగా కదలకపోవడం. స్కూలు వయసు పిల్లల్లో 5, 6 శాతం మందికి ఉంటుందంట, వాళ్లలో సుమారు సగం మందికి ధ్యాస నిలవక, ఒకచోట కుదురుగా ఉండలేని ఏడీహెచ్‌డీ కూడా ఉంటుందంట. తెలివి తక్కువ అని కాదు. చెప్పింది కాసేపు మనసులో పెట్టుకోవడం, ఏది ముందు ఏది వెనక అని ప్లాన్ చేసుకోవడం, ఒక పని ఆపి ఇంకోదానికి మారడం, ఇక్కడే వీళ్లకి ఇబ్బంది. 'పుస్తకం తీయ్, 42వ పేజీ, మూడో లెక్క చెయ్, అయినాక తెచ్చి చూపించు' అని గబగబా చెప్పేస్తే మావాడికి పుస్తకం తీయడం దాకానే గుర్తుంటాది, ఒక్కొక్కటిగా చెప్తే అన్నీ చేస్తాడు, ఇంట్లో రోజూ చూస్తావుండాను. అక్షరాలు దిద్దేదానికే బుర్రంతా పోతే ఇంక ఆలోచించేదానికి ఏం మిగులుతుంది చెప్పండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో లెర్నింగ్ డిజెబిలిటీల (నేర్చుకోవడంలో ఇబ్బందుల) కింద, ఈ డీసీడీనే ఇంకోలా పిలిచే డిస్‌ప్రాక్సియా పేరు కూడా ఉంది, నేను అడిగిన టీచర్లెవరికీ ఆ సంగతి తెలీదు. టీచర్ల ట్రైనింగ్‌లో దీనికి ఒక్క పూట కేటాయించమని, ఇట్లాంటి పిల్లలకి పరీక్షలో కాస్త టైం ఎక్కువ ఇమ్మని మన జిల్లా అధికారులని అడుగుతున్నాను. మీరు కూడా దీని మీద ఒక ఆర్టికల్ వేయండి సార్.

ఇట్లు,
ఒక అమ్మ, తిరుపతి