రేకు చూసి రేటు కట్టు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దగ చేసి చూసిన. 1973 ఎంజీబీ, ఇంగ్లండు కారు, టాప్ లేని రెండు సీట్ల బండి, క్రోమ్ బంపర్లు. నీకెందుకు నచ్చిందో నాకు తెలుసు, నాకూ నచ్చింది. మీ అమ్మ వద్దంటున్నది గాని నేను అనను. అమ్మేటాయన 6,000 డాలర్లు చెప్పిండన్నవు. అది ఎక్కువో తక్కువో ఫోటోలల్ల తేలదు. రేకు చూస్తేనే తేలుతది. ఎట్ల చూడాల్నో రాస్తున్న, నిమ్మళంగ చదువు.

ఇంజన్ స్టార్ట్ అయితలేదని భయపడకు. ఆ 1798 సీసీ ఇంజన్ బీ సిరీస్ అనే రకం. మన అంబాసిడర్ల వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడ ఆ జాతిదే. ములుగు రోడ్డు షెడ్డుల నేను ఏండ్ల తరబడి విప్పి బిగించింది దాన్నే. మొండి ఇంజన్ అది. ప్లగ్గులు తీసి, సిలిండర్లల్ల ఇంత ఆయిల్ పోసి నాననిచ్చి, పానాతోని చేత్తో తిప్పి చూడాలె. తిరిగితే సగం బాధ తీరినట్టే. తిరగకపోయినా బోర్ చేయిస్తే బాగైతది. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా బండ్లు చేసిండ్రు, సామానుకు కరువు లేదు. ఇంజన్ నడుస్తలేదన్నది నీకు బేరంల పనికొచ్చే మాట, అంతే.

అసలు డబ్బు పోయేది రేకు కాడ. లారీకి, జీపుకు ఉన్నట్టు దీనికి కింద వేరే ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. పైన టాప్ కూడ లేదు కాబట్టి బరువులో పెద్ద భాగం తలుపుల కింద అటొకటి ఇటొకటి పొడుగ్గ పోయే పెట్టెల మీద పడ్తది. వాటిని సిల్ అంటరు. బయటికి కనిపించేది ఒక్క పొరే, లోపల ఇంకా ఉంటయి. అమ్మేటోళ్లు కొందరు బయట కొత్త రేకు అతికి రంగు కొట్టిస్తరు. లోపలిది పొడి పొడి రాలుతనే ఉంటది.

దీన్ని ఇట్ల పట్టుకో. తలుపులు మూసి, తలుపు వెనక అంచుకు, బాడీకి మధ్య సందు చూడు. పైనుంచి కిందిదాక ఒక్క తీరుగ ఉండాలె. తర్వాత ఒక పక్క జాక్ పెట్టి లేపుమను. లేపుతున్నంతసేపు ఆ సందు మీదికెళ్లి కన్ను తియ్యకు. అది మారుతున్నదంటే, లేకుంటె లేపినంక తలుపు తెరిచి మూస్తే పడ్తలేదంటే, సిల్ పని అయిపోయినట్టే. జాక్ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి మాత్రం తల పెట్టకు బిడ్డా, స్టాండ్లు పెట్టినంకనే దూరు.

ముందు చక్రానికీ తలుపుకూ మధ్యల ఫెండర్ లోపల మట్టి కూసునే జాగ ఉంటది. మేడారం జాతరకు పోయొచ్చిన టాక్సీలు షెడ్డుకొస్తే నేను ముందుగాల అక్కడ వేలు పెట్టి గీకేటోణ్ని. జంపన్న వాగు ఒండు ముద్దలు కట్టి తేమ పట్టేది. బయట రంగు మంచిగనే కనబడేది, లోపలికెళ్లి రేకు తినుకుంట వచ్చేది. మీ మిషిగన్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతరు గద, ఆ ఉప్పు మట్టిల కలిస్తే రేకు ఎంత కాలం ఆగుతది? అందుకే ఆ బండి ఇన్నేండ్లు ఏ రాష్ట్రంల తిరిగిందో అడుగు. అరిజోనా ఎండల ఉన్న బండి, మిషిగన్ బండి ఒక్క ఏడాదివే అయినా ఒక్క ధర పలకవు.

ఒక చిన్న అయస్కాంతం మెత్తటి బట్టల చుట్టి తీస్కపో. ఫెండర్ల కింది భాగం, సిల్‌ల మీద పెట్టుకుంట పో. పట్టని కాడ లప్పం ఉన్నట్టు. సీట్ల వెనక కార్పెట్ లేపు. ఆ ఏడు బండ్లకు రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు అక్కడ కింద పెట్టెలల్ల ఉంటయి, యాసిడ్ కారి రేకు బోయి ఉండచ్చు. ఆ దగ్గర్నే వెనక స్ప్రింగ్ పట్టాలు తగిలించే చోటు ఉంటది, అది పాడైతే పెద్ద పని. కింద నల్లటి కోటింగ్ కొత్తగ కొట్టి ఉంటే, దాని కింద ఏమున్నదో స్క్రూడ్రైవర్ పిడితోని కొట్టి విను. గట్టి రేకు టంగుమంటది, తిన్న రేకు బొద్దుగ మోగుతది. పైపైన ఎర్రగ ఉండి బ్రష్షుతోని పోయే తుప్పును లెక్కల వెయ్యకు.

ఇక ధర. ఇదే మోడల్, తుప్పు లేక నడుస్తున్న బండ్లు మీ దిక్కు ఎంతకు అమ్ముడుపోయినయో చూడు. అడిగిన ధర కాదు, చేతులు మారిన ధర. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్, అంటే స్పీడు మీద పోయేటప్పుడు ఇంజన్ తక్కువ తిరిగేటట్టు చేసేది, ఉంటే ఇంత ఎక్కువ పెట్టచ్చు. దాంట్లకెళ్లి రేకు పని, రంగు, బ్రేకులు, టైర్లు తీసెయ్యి. విప్పినంక బయటపడేదానికి కూడ ఇంత తీసెయ్యి, పాత బండిల అది తప్పకుంట ఉంటది. మిగిలిందే నీ ధర. మన కాడ చేతి కూలి తక్కువ, అక్కడ సిల్ ప్యానెల్ కన్న దాన్ని అతికే కూలే ఎక్కువైతది. పాత సిల్ కోసే ముందు తలుపు సందుకు అడ్డం కమ్మీ పెట్టి బాడీని నిలబెట్టాలె, తలుపులు తగిలించి చూస్కుంట అతకాలె. లేకుంటె బాడీ వంగి తలుపు పడనే పడదు. ఈ మాట నువ్వు అడగకముందే చెప్పే వెల్డర్ దగ్గరికే పో.

కాయితాలల్ల నంబరు, బండి మీది నంబరు ఒక్కటే ఉండాలె. ఇంగ్లండుల గేడన్ అనే ఊర్ల బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉన్నది. బండి ఫ్యాక్టరీలకెళ్లి ఏ రంగుతోని, ఏ ఇంజన్ నంబరుతోని బయటికొచ్చిందో వాళ్లు సర్టిఫికెట్ ఇస్తరు.

సందు కదలకపోతే, లెక్క కుదిరితే, కొంచెం తగ్గించుమని తీస్కో, నేను సంతోషపడ్త. కదిలితే మాత్రం బంపర్లకు, గేర్‌బాక్సుకు, చక్రాలకు ఎంత వస్తదో అంతకన్న ఒక్క డాలర్ ఎక్కువ చెప్పకు. శనివారం పోతా అన్నవు గద, జాక్ పెట్టక ముందు ఒకటి, పెట్టినంక ఒకటి తలుపు సందు ఫోటో తీసి పంపు. అడ్వాన్స్ ఇచ్చే ముందే పంపు, ఎంత రాత్రైనా చూసి ఫోన్ చేస్త.

మీ బాపు